అల్లే చేతికి కొన్ని మాటలు

బెళ్ళందూరు,
బెంగళూరు.

చి॥ల॥సౌ॥ చిట్టికి,

   

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. నువ్వు అల్లిన నీలం, తెలుపు చదరాల అంచులు ఎక్కడా ముడుచుకోలేదు, మూలలు సమంగా వచ్చాయి. క్రోషియా పట్టుకున్న మొదటి ఏడాదిలోనే దారం ఒకే బిగువులో లాగడం అందరికీ రాదు. నీ చెయ్యి కుదిరింది. ఇక వదలకు.

నువ్వు అడిగినవి మూడు సంగతులు. ఇల్లు, ఆఫీసు, పిల్లల మధ్య రోజూ అల్లడానికి తీరిక ఎక్కడ దొరుకుతుంది? క్రిస్మస్ సెలవులకు కొత్త కారులో హైదరాబాదు నుంచి మా ఇంటికి వస్తూ దారిలో అల్లుకోవడానికి ఏం పెట్టుకోవాలి? ఆఫీసులో ఒకావిడ పసిపిల్ల దుప్పటి అడిగింది, ఎంత చెప్పాలి? ఇవి ఫోన్లో రెండు ముక్కల్లో తేలేవి కావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, దాచుకుని మళ్లీ చదువుకుంటావని.

మూడింటికీ మూలం ఒకటే, చిట్టీ. అల్లికలో మనం ఊలుకన్నా ముందు ఖర్చుపెట్టేది కాలాన్ని. దుప్పటి నచ్చకపోతే విప్పి ఊలు తిరిగి చుట్టుకోవచ్చు, అందులోకి వెళ్లిన సాయంత్రాలు తిరిగి రావు. ఆ కాలం ఎవరి పక్కన కూర్చుని గడుపుతున్నావో, ఎవరికోసం గడుపుతున్నావో, దానికి ఎంత విలువ కడుతున్నావో తెలిసి సూది పట్టుకో. మిగతా చిట్కాలన్నీ దీని తర్వాతే.

ముందు రోజువారీ సంగతి. మా బెళ్ళందూరులో ఎదురుచూడటం కూడా ఒక పనే. స్కూలు బస్సు సర్జాపుర రోడ్డులో చిక్కుకుంటుంది, ఆఫీసు క్యాబు ఇబ్బలూరు జంక్షన్ దగ్గర నిలిచిపోతుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ టైముకు ఎక్కడుంటామో ఎవరూ చెప్పలేరు. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు సాయంత్రం గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్న తల్లులందరం తలలు వంచుకుని ఫోన్లు చూసుకునేవాళ్లం. నేను గుడ్డ సంచీలో ఒక సూదీ, ఒక ఉండా పెట్టుకుని దిగడం మొదలుపెట్టాక తేడా తెలిసింది. ఫోను చూసేవాళ్లను ఎవరూ పలకరించరు. అల్లేవాళ్ల పక్కన మాత్రం ఎవరో ఒకరు వచ్చి కూర్చుని, ఏమిటది, ఎవరికది, ఎలా చేస్తారు అని అడుగుతారు. చేతులు పనిలో ఉంటాయి, కళ్లూ చెవులూ మనుషులకు ఖాళీగా ఉంటాయి. నీకు తీరిక కొత్తగా ఎక్కడినుంచో రాదు. ఎదురుచూపుల్లో పోతున్న ఆ పావుగంటలు, పది నిమిషాలే నీ తీరిక.

అలా పరిచయమైనవారిలో ఒక హిమాచల్ మామ్మగారు ఉండేవారు. చలికాలం కొడుకు దగ్గర గడపడానికి వచ్చేవారు. మన గోదావరి జిల్లా ఆడవాళ్లకు కొక్కెం సూది పుట్టుకతో తెలుసుగానీ, రెండు సూదులతో స్వెట్టర్ అల్లడం అంత అలవాటు లేదు. ఆవిడ నాకు సీధా, ఉల్టా కుట్లు నేర్పారు, నేను ఆవిడకు మన లేసు పువ్వు నేర్పాను. కుట్టు జారితే ఆవిడ కళ్లతో వెతికేవారు కాదు. బొటనవేలితో సూది మీది కుట్లను ఒక్కొక్కటే ముందుకు నెట్టుకుంటూ పోయి, ఖాళీ తగిలినచోట ఆగేవారు. అప్పుడు నా క్రోషియా సూది తీసుకుని, కింది వరసల్లోకి జారిపోయిన ఉచ్చును పట్టి, అడ్డంగా ఉన్న ఒక్కొక్క దారం మీదుగా పైకి తెచ్చి, తిరిగి సూదికి ఎక్కించేవారు. వరసలు విప్పాల్సిన పని ఉండేది కాదు. ఎవరి పక్కనైనా కూర్చుని చేతులు చూస్తేనే ఇలాంటివి ఒంటబడతాయి. వీడియోలు చూడు, తప్పు లేదు. కానీ మీ అపార్టుమెంటులో అల్లే పెద్దావిడ ఎవరున్నారో వెతుక్కో.

ఎప్పుడూ చేతిలో రెండు పనులు ఉంచుకో. ఒకటి లెక్క అక్కర్లేనిది, చదరమో, కండువానో, ఎక్కడ ఆపినా ఫర్వాలేనిది. అది సంచీలో ఉండాలి. రెండోది కుట్లు లెక్కపెట్టాల్సింది, స్వెట్టర్ మెడ మలుపో, బొమ్మ తలో. అది ఇంట్లో, పిల్లలు పడుకున్నాక. లెక్కపెట్టే పని పెట్టుకుని పిల్లలతో కూర్చుంటే వాళ్లు అమ్మా అన్నప్పుడల్లా లెక్క తప్పి నీకు విసుగొస్తుంది. ఆ విసుగు వాళ్ల మీద పడుతుంది. అమ్మ సూది పట్టుకుంటే కసురుకుంటుందని పిల్లలు అనుకున్నారంటే ఆ అల్లిక ఇంటికి మంచిది కాదు. రాత్రి భోజనాలయ్యాక హాల్లోనే కూర్చుని అల్లు, గది తలుపు వేసుకోకు. అరగంటకోసారి సూది పక్కన పెట్టి వేళ్లు చాచి, మణికట్టు తిప్పు. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ఆరోజుకు ఆపెయ్యి. రేపు కూడా ఆ చెయ్యే కావాలి.

ఇంకో నాలుగు పనికొచ్చే మాటలు. వీడియోల్లో ఎక్కువమంది అమెరికా పేర్లు వాడతారు, పాత పుస్తకాల్లో బ్రిటిష్ పేర్లు ఉంటాయి. అమెరికా వాళ్ల డబుల్ క్రోషె బ్రిటిష్ వాళ్లకు ట్రెబుల్, అమెరికా సింగిల్ వాళ్లకు డబుల్. ముందు అది ఏ లెక్కో తేల్చుకో, లేకపోతే కొలతంతా మారిపోతుంది. మన దుకాణాల్లో అల్లిక సూదులకు ఇప్పటికీ పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది, 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరంటే 3.25. ఊలు కొనేటప్పుడు చుట్టుకాగితం మీద రంగు పేరుతోపాటు లాట్ నంబరు కూడా చూడు. పనికి సరిపడా ఉండలన్నీ ఒకే లాట్‌లో కొను. ఒకే రంగైనా లాట్ మారితే ఆ తేడా దుప్పటి మధ్యలో చారలా కనబడుతుంది. పెద్ద పని మొదలుపెట్టేముందు పది సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలువు.

ఏ ఊలు కొనాలన్నది మా ఊరు చూసి నేర్చుకున్నాను. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఒంటిమీద ఏదో ఒకటి వేసుకోవాల్సిందే. కానీ ఎండ ఎక్కేసరికి తీసెయ్యాలి. ఇక్కడికీ హైదరాబాదుకూ సిమ్లా స్వెట్టర్లు అక్కర్లేదు, నూలుదారంతో అల్లిన చేతుల్లేని కోటు చాలు. అక్రిలిక్ చవక, రంగులు బాగుంటాయి, దుప్పట్లకు తేలిగ్గా ఉంటుంది. కాదనను. కానీ అది ప్లాస్టిక్కే. ఇస్త్రీపెట్టె తగిలితే సాగి చచ్చుబడిపోతుంది, ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు నీళ్లలోకి వదులుతుంది. మా బెళ్ళందూరు చెరువు సంగతి నీకు తెలుసు. శుద్ధి చెయ్యని మురుగునీళ్లు, సబ్బుల రసాయనాలు చేరి నురగ రోడ్డెక్కేది. 2015లో, 2017లో, మళ్లీ 2018 జనవరిలో అక్కడ మంటలు లేచాయి. 2018లో ఆర్పడానికి సైన్యం దిగింది. ఆ పొగ రోజుల్లో కిటికీలు మూసుకుని కూర్చున్నవాళ్లం మేము. ఇంట్లో గొట్టంలోకి పోయే ప్రతి నీళ్ల చుక్కా ఎక్కడో తేలుతుందని ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే తరచూ ఉతికేవి, పసిపిల్లలకు తగిలేవి నూలుతోనే అల్లు.

నువ్వొచ్చాక దారాల కోసం అవెన్యూ రోడ్డులోని రాజా మార్కెట్‌కు వెళ్దాం. ఇప్పుడు సులువైంది. సిల్క్ బోర్డు దగ్గర పసుపు లైన్ మెట్రో ఎక్కి, ఆర్‌వీ రోడ్డులో ఆకుపచ్చ లైనుకు మారితే చిక్‌పేటలో దిగొచ్చు.

ఇక కారు ప్రయాణం. కొత్త కారు, అందరూ కలిసి మొదటి దూరప్రయాణం, నీ ఉత్సాహం అర్థమవుతోంది. దారి దగ్గర దగ్గర 570 కిలోమీటర్లు, అంతా 44వ జాతీయ రహదారే. ఫాస్టాగ్‌కు 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాసు వచ్చింది. జాతీయ రహదారుల మీద రెండు వందల ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీరు పండగలకు అటూ ఇటూ తిరిగేవాళ్లు కాబట్టి మీ ఆయనతో చెప్పి తీసుకోండి.

కారులోకి ఒక్క సంచీ చాలు. అందులో లెక్క అక్కర్లేని పని ఒకటే పెట్టుకో, మొదటి రెండు వరసలూ ఇంట్లోనే అల్లేసి తీసుకురా. మొదలుపెట్టడమే కుదుపుల్లో కష్టం, ఆ తర్వాత చెయ్యి తనంతట తనే నడుస్తుంది. నీ నీలం తెలుపు చదరాలు ప్రయాణానికి సరిగ్గా సరిపోతాయి, ఒక్కోటి అరచేతిలో పట్టేంతే. ఊలు ఉండను మూతకు చిల్లు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆ చిల్లులోంచి కొస పైకి తియ్యి. ఇది అందం కోసం చెప్పడం లేదు. ఉండ దొర్లి డ్రైవరు కాళ్ల దగ్గరికి, బ్రేకు కిందికి పోకూడదు. మొన పదునైన పొడుగు ఇనుప సూదులు కారులోకి వద్దే వద్దు. ముందు సీట్లో కూర్చుని అసలేమీ అల్లకు, హఠాత్తుగా బ్రేకు పడితే, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే చేతిలో ఉన్నదే గుచ్చుకుంటుంది. వెనక సీట్లో బెల్టు పెట్టుకుని, మొన మొద్దుగా ఉన్న క్రోషియా సూదితోనే చెయ్యి. తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే ఆపి దూరంగా చూడు.

నువ్వు బండి నడిపే వంతు వచ్చినప్పుడు సంచీ మీ అత్తగారికి ఇచ్చెయ్యి. ఆవిడకు సూది రాకపోయినా ఫర్వాలేదు. చిలపల్లో కొన్న దారాన్ని ఉండ చుట్టడానికి ఇద్దరు కావాలి, ఒకరు రెండు చేతులూ చాచి చిలప పట్టుకోవాలి, ఇంకొకరు చుట్టాలి. భోజనానికి ఆగినచోట మీ పెద్దదానితో ఆ చిలప పట్టించి ఆవిడతో చుట్టించు. ఆ పావుగంటలో నాయనమ్మ చెప్పే కబుర్లు ఆ పిల్ల ఇంకెక్కడా వినదు. మా ఇంట్లో దూరప్రయాణాలంటే మీ పెదనాన్నకు పాత పాటలు, పిల్లలకు కిటికీ సీటు తగువులు, నాకు ఒళ్లో ఉండ. ఎవరూ వేరే ప్రపంచంలో ఉండేవాళ్లం కాదు. పిల్లలు ఎదిగి ఎవరి దారిన వాళ్లు వెళ్లాక తెలుస్తుంది, అందరూ ఒకే చోట, ఎక్కడికీ పోలేకుండా కలిసి కూర్చునే గంటలు కారులోనే ఎక్కువని.

అంతా అల్లుతూనే కూర్చోకు సుమా. ఆ దారి చూడాల్సిన దారి. జడ్చర్ల ప్రాంతంలో గొర్రెల మందలు కనబడితే పిల్లలకు గొంగడి సంగతి చెప్పు. కురుమల ఇళ్లలో ఆడవాళ్లు నల్లగొర్రె ఉన్ని వడికేవారు, మగవాళ్లు గుంట మగ్గం మీద నేసేవారు, పడుగు దారానికి చింతగింజల గంజి పట్టించేవారు. ఊలు పని మనకు బయటినుంచి ఎవరో నేర్పింది మాత్రమే కాదని వాళ్లకు తెలియాలి. కృష్ణ దాటేచోట బీచుపల్లి ఆంజనేయస్వామిని చూసుకోండి. ఆ పక్కనే గద్వాల దారి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగును పోగులోకి మెలిపెట్టి నేస్తారు, కుట్టు వెయ్యరు. నీ చదరాల్లో రంగు మార్చేటప్పుడు వెనక ముడులు పడుతున్నాయని రాశావు కదా. కట్టుకున్న చీర అంచు ఒక్కసారి తిరగేసి చూడు, ముడి లేకుండా రంగు ఎలా మారుతుందో తెలుస్తుంది.

లేపాక్షి మాత్రం వదలొద్దు. పెనుకొండ దాటాక కొడికొండ దగ్గర పక్కకు తిరగాలి, పెద్ద దూరమేమీ కాదు. అందరూ ఏకశిలా నంది దగ్గర, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చేచోట ఫొటోలు దిగి వచ్చేస్తారు. నువ్వు లతామండపం దగ్గర ఆగు. పూర్తికాని కల్యాణమండపం పక్కన ఉంటుంది. స్తంభాల మీద రకరకాల తీగలు, పువ్వులు, గళ్లు, హంసలు చెక్కారు. మన చీరల అంచుల మీద లేపాక్షి నమూనా అంటూ కనబడేవి అక్కడివే. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. లోపల నాట్యమండపం కప్పు మీద బొమ్మలు చూడు. ఆ బొమ్మల్లోని ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పూలు ఒకదానిలా ఒకటి ఉండవు.

ఒక గ్రాఫు నోటుపుస్తకం, పెన్సిలూ వెంట తెచ్చుకో. స్తంభం ముందు కూర్చుని ఒక పువ్వును గళ్లలోకి దించు, చిన్నవాడికి గళ్లు నింపే పని అప్పజెప్పు. ఇంటికొచ్చాక అదే నీ నమూనా. అమెరికా పేర్లలో చెబితే, ఖాళీ గడికి ఒక డబుల్, రెండు చెయిన్లు, నిండు గడికి ఆ రెండు చెయిన్ల చోట రెండు డబుళ్లు. అంతే లెక్క. ఐదు వందల ఏళ్ల కిందటి శిల్పి చెక్కిన పువ్వు నీ బల్లగుడ్డ మీదికి వస్తుంది, దాన్ని గీసింది నీ కొడుకు అవుతాడు. ఊళ్లు తిరగడం వల్ల అల్లేవాళ్లకు కలిగే లాభం ఇదే. ఇతరుల నమూనాలు దింపుకోవడం తగ్గి, చూసినవి నీ చేతిలోకి రావడం మొదలవుతుంది.

ఆఖరి సంగతి, దుప్పటి ధర. ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను.

పెన్సిలు పట్టుకుని లెక్క వెయ్యి. ఊలుకు ఆరు వందలు అయిందనుకో, అల్లడానికి నలభై గంటలు పట్టిందనుకో. గంటకు వంద రూపాయలే వేసుకున్నా మొత్తం నాలుగు వేల ఆరు వందలు. మీ ఆఫీసావిడ మనసులో ఎనిమిది వందలో, వెయ్యో ఉండి ఉంటుంది, ఎందుకంటే బజారులో మిషను దుప్పటి ఆ ధరకు వస్తుంది. నువ్వు మొహమాటపడి, ఎలాగూ ఖాళీ టైములోనే కదా అల్లేది అనుకుని, వెయ్యికి ఒప్పుకుంటావు. అక్కడే ఆగి ఆలోచించు. ఆ ఖాళీ టైము అన్న మాట వల్ల ఎవరికి నష్టం జరుగుతోందో తెలుసుకోవాలి.

మన నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు పని 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులతో మొదలైందని చెబుతారు. నేను పెరిగినప్పటికి ఆ పని లేని వీధి లేదు. మధ్యాహ్నం వంట పని సర్దుకోగానే ఆడవాళ్లు అరుగుల మీదికి వచ్చేవారు. సన్నటి తెల్లదారం ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకుని, అంతకన్నా సన్నటి సూదితో, మాటల్లో ఉండగానే పువ్వు తరవాత పువ్వు దించేవారు. పువ్వులు అల్లేవాళ్లది చేతిపని, వాటిని కలిపి బల్లగుడ్డ చేసేవాళ్లది అతుకుపని. దారం ఇచ్చి సరుకు పట్టుకెళ్లేది ఏజెంట్లు, అమ్మేది ఎగుమతిదారులు, పరిచేది ఎక్కడో విదేశాల్లో. మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వచ్చి వాళ్ల మధ్య పరిశోధన చేసి 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం రాసింది. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవాళ్లను అందరూ గృహిణులనే అన్నారు, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపమన్నారు, ఆ పేరు వల్లే అంత తక్కువ కూలి నడిచింది అని ఆమె చూపించింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్న కార్మికులను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ పుస్తకం వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆ తర్వాత రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది, 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మంచిదే. కానీ గుర్తింపు కాగితం కూలి పెంచదు. కొనేవాళ్లు చేతిపనికి ధర ఇవ్వడం నేర్చుకుంటే కూలి పెరుగుతుంది. నెల జీతం ఉన్న మనలాంటివాళ్లం సరదాకి అల్లి వెయ్యికే అమ్మేస్తే, చేతి అల్లిక అంటే ఇంతే ధర అని కొనేవాళ్ల బుర్రలో పడిపోతుంది. ఆ దెబ్బ నీకు తగలదు, దాని మీదే బతికే మనిషికి తగులుతుంది.

అందుకని నీకు రెండే దారులు. ఆవిడ నీకు కావలసిన మనిషైతే దుప్పటి అల్లి ఊరికే ఇచ్చెయ్యి. రూపాయి తీసుకోకు. ఉతికే పద్ధతి చీటీ మీద రాసి కూడా పెట్టు, దారం కొసలు కనీసం మూడు వేళ్ల పొడవున లోపలికి దూర్చి మరీ ఇవ్వు, ఏళ్లు మన్నాలి. కాదూ, అమ్మకమే అయితే పూర్తి లెక్క ఆవిడ ముందు పెట్టు, గంటలతో సహా. ఎక్కువంటే నవ్వుతూ, నాకు కుదరదండీ అను. మధ్యలో సగం ప్రేమ, సగం బేరం పెట్టుకుంటే రెండూ చెడతాయి. నువ్వు లేసు కొనేటప్పుడు కూడా ఇదే మాట. సంక్రాంతికి నరసాపురంలో బల్లగుడ్డ నచ్చితే అల్లినవాళ్ల దగ్గరే కొను, బేరం ఆడకు.

ఇంకో మాట, ఊలు మిగిలిపోతోందని రాశావు. మిగిలినవన్నీ చదరాలు చేసి దాచు. చేతులు కలిస్తే ఎంత పని అవుతుందో 2016 జనవరి 31న చెన్నైలో చూశాం. మదర్ ఇండియాస్ క్రోషె క్వీన్స్ అనే బృందం ఆడవాళ్లు ఎక్కడెక్కడో ఇళ్లలో కూర్చుని అల్లిన ముక్కలన్నీ కలిపితే 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి అయి గిన్నిస్‌కు ఎక్కింది. మనం అంత చెయ్యక్కర్లేదు. మా అపార్టుమెంటులో అల్లేవాళ్లం కలిసి చలికాలంలో వాచ్‌మన్లకు, పనివాళ్ల పిల్లలకు టోపీలు అల్లుతాం. బెళ్ళందూరులో మేడలు కట్టేవాళ్ల పిల్లలు రేకుల షెడ్లలో పడుకుంటారు, జనవరి చలి వాళ్లకు మనకన్నా ముందు తెలుస్తుంది. నీ మిగులు ఊలు తీసుకురా, ఇక్కడ ఖర్చవుతుంది.

సంక్రాంతికి నరసాపురానికి మేమూ కారులోనే బయల్దేరుతున్నాం. కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగి, చిత్తూరు, తిరుపతి మీదుగా నెల్లూరులో రాత్రికి ఆగుతాం. మర్నాడు ఒంగోలు నుంచి 216 రహదారి పట్టుకుంటే చీరాల, బాపట్ల, మచిలీపట్నం మీదుగా నరసాపురం. మీరు హైదరాబాదు నుంచి వచ్చేయండి. పిల్లలను తీసుకెళ్లి ఇప్పటికీ లేసు అల్లే పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెడదాం. అరుగు మీద ఆ చేతులను ఒక గంటసేపు చూస్తే, చిట్టీ, ఇక నీ జన్మలో ఎవరి ముందూ చేతిపనిని కాలక్షేపం అనవు.

ఇంతా చెప్పి నేను కోరేది ఒక్కటే. మీ ఆఫీసావిడకు వెయ్యి రూపాయల ధర చెప్పకు. అల్లి కానుకగా ఇవ్వు, లేదా నాలుగు వేల ఆరు వందలని తలెత్తుకుని చెప్పు. ఏ మాట చెప్పావో నాకు తప్పకుండా రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ